ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మూలికల అర: ఏం పెట్టాలి, ఎంత వాడాలి, ఎక్కడ ఆగాలి

మూలికల మీద నమ్మకం ఉన్నవాళ్లు ఇంటికి ఫస్ట్ ఎయిడ్ పెట్టె సర్దుకునేటప్పుడు చాలావరకు సీసాలతో మొదలుపెడతారు. ఒక నూనె, రెండు పొడులు, ఒక లేపనం పెట్టేశాక గాజ్ పట్టీలు, బ్యాండేజ్‌లు గుర్తొస్తాయి. ఈ వరస తిరగేయాలి. రక్తం కారుతున్నా, చర్మం కాలినా, పిల్లాడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నా మొదటి పావుగంటలో అక్కరకొచ్చేవి నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, ఓఆర్ఎస్. మూలికల వంతు ఆ తర్వాతే. వికారం, దగ్గు, దురద, ఎండకు కమిలిన చర్మం, పగిలిన మడమలు ఇలాంటి వాటిలో అవి నిజంగా మేలు చేస్తాయి. ఆ పని వాటికి అప్పజెప్పి, వాటివల్ల కాని పని అడగకుండా ఉంటే చాలు.

కాబట్టి పెట్టెలో రెండు అరలు ఉండాలి. మూత తీయగానే చేతికి తగిలే పై అరలో మూలికలు కాని సామాను, కింది అరలో మూలికలు. కంగారులో ఉన్నప్పుడు చెయ్యి మొదట దేనిమీద పడుతుందో అదే వాడతాం.

పై అర

10 సెంటీమీటర్ల చదరపు స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) గాజ్ పట్టీలు పది, చుట్టే బ్యాండేజ్‌లు 5 సెంటీమీటర్లవి రెండు, 10 సెంటీమీటర్లవి రెండు, బెణుకులకు 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజ్ ఒకటి, పేపర్ టేప్ చుట్ట, రకరకాల సైజుల్లో అంటించే ప్లాస్టర్లు, గ్లవ్స్ నాలుగు జతలు, మొన సన్నగా ఉన్న ట్వీజర్, గుడ్డ కోసే కత్తెర, డిజిటల్ థర్మామీటర్, సూది లేని 20 మి.లీ. సిరంజి, చిన్న టార్చి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, పారాసెటమాల్, అలర్జీకి సెట్రిజిన్, క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల బరువుకు తగిన పారాసెటమాల్ సిరప్, దాంతోపాటు కొలత సిరంజి కూడా పెట్టాలి. ఒక డోసుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి, రోజుకు నాలుగు డోసులు మించకూడదు.

సిరంజి ఎందుకని చాలామంది అడుగుతారు. మోకాలు గీరుకుపోయి ఇసుక రేణువులు లోపల ఇరుక్కుంటే గుడ్డతో తుడిస్తే అవి ఇంకా లోపలికి పోతాయి. సిరంజితో నీళ్లు ధారగా కొడితే బయటికి వస్తాయి. తాగడానికి పనికొచ్చే మంచి నీళ్లు ఏవైనా సరే, గాయం కడగడానికీ పనికొస్తాయి. కనీసం ఐదు నిమిషాలు కడగాలి. సబ్బు గాయం చుట్టూ ఉన్న చర్మానికే, గాయం లోపలికి వద్దు.

రక్తం ఆగకపోతే మడత పెట్టిన గాజ్ వేసి పది నిమిషాలు గట్టిగా ఒత్తిపట్టాలి. మధ్యలో ఎత్తి చూడటమే అందరూ చేసే పొరపాటు. అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గాజ్ తడిసిపోతే తీయకుండా దానిమీదే ఇంకొకటి వేసి ఒత్తాలి. పది నిమిషాలు గడిచినా ఆగకపోతే, లేదా రక్తం మొదటినుంచే చిమ్ముతుంటే, ఒత్తిడి వదలకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. మట్టి అంటిన గాయమైనా, లోతైన గాయమైనా చివరి టెటనస్ టీకా వేసి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయానికి ఆ గడువు పదేళ్లు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ లేని రాత్రి లీటరు మంచి నీళ్లలో 5 మి.లీ. చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయాలి. చెంచా అంచుకు సమంగా గీసి కొలవాలి, గోపురంగా పోయకూడదు. తాగబోయేముందు రుచి చూడండి, కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టాలి.

కాలిన చర్మం, కలబంద

ఇక్కడ మూలికను తొందరపడి వాడితే నష్టం ఎక్కువ. కాలిన వెంటనే చర్మం లోపల వేడి ఇంకా ఉంటుంది, పైన మంట తీసేసినా అది లోపలి పొరలను కాలుస్తూనే ఉంటుంది. దాన్ని లాగేసేది పారే చల్లని కుళాయి నీళ్లే. 20 నిమిషాలు అలాగే పట్టి ఉంచాలి. ఐస్ పెడితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుపోయి చర్మం ఇంకా దెబ్బతింటుంది. నెయ్యి, నూనె, టూత్‌పేస్ట్ పూస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది, ఆ తర్వాత డాక్టర్ దాన్ని గోకి తీయాల్సి వస్తుంది. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి.

20 నిమిషాలయ్యాక చూడండి. చర్మం ఎర్రబడి, మండుతూ, ఎక్కడా తెగకుండా బొబ్బ లేకుండా ఉంటే కలబంద వాడొచ్చు. బొబ్బ లేస్తే దాన్ని చిదపకుండా అంటుకోని పట్టీ వేసి వదిలేయాలి. తెల్లగా గానీ నల్లగా గానీ మారి నొప్పి తెలియకపోతే అది లోతుగా కాలినట్టు. అలాంటిదీ, బాధితుడి అరచేతి కంటే పెద్దదీ, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల మీద అయిందీ, కరెంటు వల్ల గానీ రసాయనం వల్ల గానీ అయిందీ నేరుగా ఆసుపత్రికే.

కలబందను కోసీ కోయగానే పూయకూడదు. ఆకు మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా గ్లాసులో పావుగంట నిలబెట్టండి. పసుపుపచ్చని చేదు రసం ఒకటి కారుతుంది. అది తొక్క కిందనే ఉండే పాలు, అందులో అలోయిన్ ఉంటుంది. కలబంద రాస్తే దురద వస్తుందనేవాళ్లలో చాలామందికి గిట్టనిది ఆ పాలే. అదే కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి. కారడం ఆగాక ఆకు కడిగి, రెండంచుల ముళ్లు తీసేసి, పై తొక్క చెక్కి, లోపలి గుజ్జును మళ్లీ ఓసారి కడిగితే పారదర్శకమైన జెల్ మిగులుతుంది. దాన్ని సన్నపొరగా రోజుకు రెండు మూడు సార్లు రాస్తే సరి. మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉంచొద్దు, అది తొందరగా పాడవుతుంది. మొక్క లేనివాళ్లు జెల్ ట్యూబ్ కొనేటప్పుడు వెనక ఉన్న పదార్థాల జాబితాలో కలబంద మొదట ఉందో లేదో చూడాలి. ముందు నీళ్లు, ఆల్కహాల్, రంగు, పరిమళం రాసి ఉండి చివర్లో కలబంద ఉన్న ట్యూబ్ మండే చర్మానికి పనికిరాదు.

గాయంలో పసుపు ఎందుకు వద్దు

పసుపులోని కర్కుమిన్‌కు సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉంది, కాదనలేం. కానీ డబ్బాలోని పొడి మందు కాదు. పసుపు మట్టిలో పెరిగే దుంప, వంటకోసం మరపట్టినది, స్టెరైల్ చేసినది కాదు. మట్టిలో ఉండే జీవుల బీజాలు అందులో ఉండొచ్చు. పొడి గాయంలో పడ్డాక అట్టకట్టి, మానాల్సిన చోట పరాయి పదార్థంలా కూర్చుంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు రంగు. గాయం చుట్టూ ఎర్రదనం పాకుతోందా, చీము పడుతోందా అన్నది ఆ పసుపు కింద కనపడదు. రంగు మెరుపు కోసం సీసం ఉన్న రసాయనం కలిపిన పసుపు కూడా మార్కెట్‌లో పట్టుబడుతూ ఉంటుంది. తెగిన చర్మం మీద పసుపు వద్దు. కాఫీ పొడి, బూడిద, ఆకు పసర్లు కూడా ఇదే లెక్కన వద్దు.

తేనె విషయంలో తేడా ఉంది. గాయాలకు తేనె వాడే పద్ధతి ఆసుపత్రుల్లోనూ ఉంది. అయితే అది గామా కిరణాలతో స్టెరైల్ చేసిన మెడికల్ తేనె. పెట్టెలో పెట్టాలనుకుంటే ఆ ట్యూబే కొనాలి. తినే తేనె సీసా దగ్గుకే పరిమితం.

కలెండ్యులా లేపనం, ఇంట్లో చేసుకునే పద్ధతి

చూడటానికి ఒకేలా ఉన్నా బంతి, కలెండ్యులా వేరు వేరు మొక్కలు, ఒకదాని బదులు ఇంకొకటి వాడలేం. ఎండిన కలెండ్యులా రేకులు కొనేటప్పుడు రంగు వెలిసిపోనివి, వేళ్ల మధ్య నలిపితే కరకరలాడేవి ఎంచుకోండి. నలిపినప్పుడు మెత్తగా మడతపడితే వాటిలో ఇంకా తేమ ఉంది. లేపనాల్లో బూజు రావడానికి మొదటి కారణం ఇదే.

20 గ్రాముల రేకులకు 200 మి.లీ. ఆలివ్ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ తీసుకోండి. పూర్తిగా ఆరిన గాజు సీసాలో రెండూ వేసి, గిన్నెలో నీళ్లు పోసి సీసాను అందులో నిలబెట్టి, సన్నటి సెగ మీద రెండు మూడు గంటలు ఉంచాలి. సీసా అడుగున మడత పెట్టిన గుడ్డ వేస్తే పగలదు. నీళ్లు మరగకూడదు, నూనె 60 డిగ్రీలు దాటకూడదు. దాటితే రేకులు వేగి నూనె మాడు వాసన కొడుతుంది, ఇక దాన్ని బాగుచేయలేం. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున మడ్డి, ఒక్కోసారి నీటి చుక్కలు తేరుకుంటాయి. పై నూనె మాత్రం వంపుకుని అడుగుది వదిలేయాలి. ఆ చివరి రెండు చెంచాల మీద ఆశపడితే మొత్తం డబ్బా పాడవుతుంది.

100 గ్రాముల నూనెకు 20 గ్రాముల తేనెమైనం. మళ్లీ నీళ్ల గిన్నెలోనే మైనం కరిగేదాకా వేడిచేసి, ఒక చుక్క చల్లటి ప్లేటు మీద వేసి రెండు నిమిషాలు ఆగి వేలితో రాయండి. వేలికి జారిపోతుంటే ఇంకో రెండు మూడు గ్రాముల మైనం, గీరితే తప్ప రాకపోతే కొంచెం నూనె కలపాలి. చిన్న డబ్బాల్లో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వేడిమీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి చుక్కలుగా రాలుతుంది, వారం తిరక్కముందే బూజు. తీసుకునేటప్పుడు తడి వేలు పెట్టకుండా పొడి చెంచా వాడితే ఏడాది దాకా నిలుస్తుంది. ముక్కిన నూనె వాసన వస్తే ఏడాది కాకపోయినా పారేయండి.

ఇది పగిలిన మడమలకు, రాపిడికి ఎర్రబడ్డ చర్మానికి, పక్కు కట్టి మానుతున్న గీరుళ్లకు. పచ్చి గాయానికీ, కొత్తగా కాలిన చోటుకీ కాదు.

కడుపు, గొంతు

వికారానికి శొంఠిని మించిన నమ్మకమైన మూలిక ఈ పెట్టెలో ఇంకోటి లేదు. పెద్దవాళ్లకు సుమారు ఒక గ్రాము, అంటే 5 మి.లీ. చెంచాతో అర చెంచా పొడి, కప్పు వేడి నీళ్లలో. ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లు బండి ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందే తాగాలి, వికారం మొదలయ్యాక తాగితే అంత ఫలితం ఉండదు. రోజంతా కలిపి నాలుగు గ్రాములు దాటొద్దు, దాటితే గుండెల్లో మంట మొదలవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే తీసుకోవాలి.

కడుపుబ్బరానికి ఎండు పిప్పర్‌మింట్ ఆకు. ఒక చెంచా ఆకు మీద కప్పు మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టాలి. ఆ మూత తప్పనిసరి, పనిచేసే నూనె ఆవిరితోపాటే లేచిపోతుంది. కానీ పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. అన్నవాహిక కిందనుండే కండరపు ముడిని పిప్పర్‌మింట్ వదులు చేస్తుంది, యాసిడ్ ఇంకా పైకి ఎగదన్నుతుంది. మలబద్ధకానికి ఇసబ్గోల్ ఒక చెంచా, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో కలిపిన వెంటనే తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. వేరే మాత్రలు వేసుకునేవాళ్లు రెండు గంటల ఎడం ఇవ్వాలి.

దగ్గుకు పడుకోబోయే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం నాలుకకు రాయడం కూడా వద్దు. తేనెలో బొటులిజం కలిగించే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, పసివాళ్ల పేగుల్లో అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఒళ్లు వాలిపోతుంది, ఊపిరి ఆడదు. కాచినా ఆ బీజాలు చావవు. గొంతు గరగరకు అతిమధురం ముక్క చప్పరించడం హాయిగా ఉంటుంది గానీ, అందులోని గ్లిసిరైజిన్ రక్తపోటు పెంచి పొటాషియం తగ్గిస్తుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లున్న ఇంట్లో దాన్ని పెట్టెలో పెట్టకపోవడమే మేలు. ఉప్పు నీళ్ల పుక్కిలింత ఎవరికైనా సరిపోతుంది, గ్లాసు గోరువెచ్చని నీళ్లకు అర చెంచా ఉప్పు.

ఘాటు నూనెలు

ఎసెన్షియల్ ఆయిల్స్ అనే ఈ చిన్న సీసాలను చూసి ఎవరూ భయపడరు, కానీ పెట్టెలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినవి ఇవే. వీటిలో ఏ నూనెనూ నేరుగా చర్మానికి రాయకూడదు, లోపలికి అసలు తీసుకోకూడదు. 20 చుక్కలు ఒక మి.లీ. అనుకుంటే, 30 మి.లీ. మామూలు నూనెలో ఆరు చుక్కలు వేస్తే ఒక శాతం, పన్నెండు వేస్తే రెండు శాతం. పెద్దవాళ్ల ఒంటికి రెండు శాతం చాలు.

టీ ట్రీ నూనె మొటిమలకు ఐదు శాతం వరకు వాడతారు, అంటే 10 మి.లీ. నూనెలో పది చుక్కలు. సీసా తెరిచాక గాలి తగిలి అది మారిపోతుంది, పాత టీ ట్రీ నూనెకు చర్మం దద్దుర్లేయడం ఎక్కువ. తెరిచిన తేదీ సీసా మీద రాసి ఏడాది కాగానే పారేయండి. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే వాటికిది విషమని గుర్తుంచుకోవాలి.

పన్ను నొప్పికి లవంగ నూనె ఒక చుక్కను పది చుక్కల వంట నూనెలో కలిపి, దూదిపుల్ల ముంచి పన్నుకు మాత్రం తాకించాలి. చిగుళ్లకు తగిలితే పొక్కుతాయి. అందులోని యూజెనాల్ నొప్పిని తాత్కాలికంగా మొద్దుబారుస్తుంది తప్ప పుచ్చును ఆపదు. దవడ వాచినా జ్వరం వచ్చినా ఆ పూటే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పిల్లలకు ఇది వద్దు, చెంచాడు మింగినా కాలేయం దెబ్బతింటుంది.

కర్పూరం, కర్పూరతైలం పిల్లలున్న ఇంటి పెట్టెలో ఉండనే కూడదు. కొద్దిగా మింగినా నిమిషాల్లో ఫిట్స్ వస్తాయి. యూకలిప్టస్ నూనె కూడా అంతే. మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు, ఏ వయసు పిల్లలకైనా ముక్కు కింద రాయకూడదు, శ్వాసనాళం బిగుసుకుపోవచ్చు. గిన్నెలో వేడినీళ్ల ఆవిరి పట్టడం కూడా పిల్లలకు వద్దు. జలుబు తగ్గేదేమో గానీ, గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. వేపనూనె తాగించడం వల్ల పసిపిల్లలకు మెదడు వాపు లాంటి లక్షణాలొచ్చి ప్రాణం మీదికి వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కంట్లో ఏ మూలికా వేయొద్దు. తేనె, పువ్వుల నీళ్లు, ఆకు రసం ఏదీ వద్దు. దుమ్ము పడితే శుభ్రమైన నీళ్లు, రసాయనం పడితే 20 నిమిషాలు పారే నీళ్లు, తర్వాత ఆసుపత్రి. పాము కాటుకు ఈ పెట్టెలో మందు లేదు. కోయకుండా, బిగించి కట్టకుండా, నడిపించకుండా ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. ఎవరైనా విషపదార్థం మింగితే ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. సీసా వెంట తీసుకుని పరుగెత్తాలి.

చీటీలు, నిల్వ

ప్రతి సీసా మీద మొక్క పేరు, ఏ భాగం, కొన్న లేదా చేసిన తేదీ, ఒక మోతాదు ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి రాసి అంటించండి. ఈ చివరిదే అందరూ వదిలేస్తారు. పెట్టె సర్దినవాళ్లు ఇంట్లో లేనప్పుడు తీసేవాళ్లకు కావాల్సింది అదే. పేరు రాయని పొడి ఎంత మంచిదైనా పెట్టెలో ఉండకూడదు. పదార్థాలు ఏమిటో చెప్పకుండా నొప్పులన్నీ తీస్తామనే మాత్రలు కూడా అంతే, అలాంటివాటిలో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం బయటపడుతుంటాయి.

ఎండు ఆకులు, పూలు ఏడాది, వేళ్లు, బెరళ్లు రెండేళ్లు, పొడులు ఆరు నెలలు నిలుస్తాయి. పొడికి గాలి తగిలే ఒళ్లు ఎక్కువ, అందుకే తొందరగా సారం పోతుంది. అనుమానం వస్తే చిటికెడు నలిపి వాసన చూడండి, వాసన లేకపోతే పనీ లేదు. గోధుమరంగు గాజు సీసాలు, వెలుతురు పడని పొడి చోటు, పిల్లలకు అందని ఎత్తు. స్నానాల గది, పొయ్యి పక్క అలమర రెండూ పనికిరావు, ఒకచోట తేమ, ఇంకోచోట వేడి.

కొత్త లేపనం ఏదైనా పెట్టెలో పెట్టేముందే మోచేతి మడత లోపల రూపాయంత మేర రాసి 24 గంటలు చూడాలి. చామంతి జాతి మొక్కలు గిట్టనివాళ్లకు కలెండ్యులా, కామొమిల్ రెండూ గిట్టకపోవచ్చు, ఆ కుటుంబం ఒకటే. మూత లోపలి వైపు ఒక కార్డు అంటించి ఇంట్లో ఒక్కొక్కరి వయసు, పిల్లల బరువు, అలర్జీలు, రోజూ వాడే మందులు, అంబులెన్స్ నంబరు రాయండి. పిల్లల బరువు మూడు నెలలకోసారి మార్చి రాయాలి, సిరప్ డోసు దాన్నిబట్టే కదా. ఆపరేషన్ తేదీ ఖాయమైనవాళ్లు ఇక్కడినుంచి ఏది వాడుతున్నా కనీసం రెండు వారాల ముందే డాక్టర్‌కు చెప్పాలి, శొంఠి అయినా సరే.